బరాత్‌లో యాడి గొంతు

“ఆ పాట లేకుంటే బరాత్ ఎట్లయితది లాలీ? ఏడ పెండ్లి జరిగినా అదే మోగుతున్నది. పాట కట్టినోని సొంత అన్నబిడ్డ పెండ్లిల మాత్రం వద్దంటవా?”

సువర్ణ ఈ మాట పొద్దుటి నుంచి అంటూనే ఉంది. మెంతికూర తుంచుతూ అంటోంది కాబట్టి, మాట విసురుకి ఆకులతో పాటు కాడలు కూడా గిన్నెలో పడుతున్నాయి.

లాలి కుట్టుమిషన్ మీద నుంచి తల ఎత్తలేదు. పుష్ప పెళ్ళి జాకెట్టుకు చేతి అంచు మడత పెడుతోంది.

“వేరే పాటలు లేవా అక్కా? ఎన్ని కావాల్నంటే అన్నున్నయ్. ఆ ఒక్కటే వద్దన్న.”

“ఎందుకొద్దు?”

“పెండ్లిల యాడి ఉంటది గదా.”

“ఉంటే? కొడుకు పాట తల్లి ఇనొద్దా?”

లాలి దారం కొరికింది. అత్తను కోడళ్ళిద్దరూ యాడి అనే పిలుస్తారు, లంబాడీలో అమ్మ అని. ఆ ప్రశ్నకు జవాబు తెలియని వాళ్ళు ఈ ఇంట్లో లేరు. తెలిసీ తెలియనట్టు అడగడం తోడికోడలు సువర్ణకు అలవాటు. తెలిసీ ఊరుకోవడం లాలికి అలవాటు.

పెళ్ళికూతురు పుష్ప ఫోను చేత్తో పట్టుకుని గదిలోంచి వచ్చింది. “అమ్మా, డీజే అన్న మళ్ళ ఫోన్ చేసిండు. లిస్టు పంపాలంట. చిన్నమ్మ వద్దంటే ఆ పాట తీసేద్దాం తియ్.”

“తీసేద్దాం తియ్!” సువర్ణ కూతుర్ని వెక్కిరించింది. “మీ చిన్నమ్మ వద్దంటే పెండ్లే ఆపుదాం. లైబ్రరీల మైకు దొరికినకాన్నుంచి ఆమె చెప్పిందే చెల్లాలె గదా!”

లాలి మిషన్ తొక్కడం ఆపేసింది. ఆ మైకు మాట వస్తుందనే పొద్దుటి నుంచి తల వంచుకుని కూర్చుంది. వచ్చింది.

గేటు చప్పుడైంది. సువర్ణ మొగుడు హీరాలాల్ బండి లోపలికి తోసి స్టాండు వేస్తున్నాడు. ఇరిగేషన్ ఆఫీసు నుంచి ఇంత పెందలాడే రావడం అతనికి అలవాటు లేదు. ఖానాపురం హవేలి సందుల్లో మగవాళ్ళ బండ్లు చీకటి పడ్డాకే ఇళ్ళకు చేరతాయి.

చెప్పులు విడవకముందే అన్నాడు. “తమ్ముడు కోటేష్ ఫోన్ చేసిండు.”

ఇంట్లో అందరూ లంబాడీలోనే మాట్లాడుకుంటారు. హీరాలాల్‌కు కోపం వస్తే మాత్రం తెలుగులోకి దిగుతాడు. ఆఫీసులో ఫైళ్ళ మధ్య నేర్చుకున్న కోపం అది. ఇప్పుడు తెలుగులోనే అన్నాడు.

“ఏమన్నడు?” సువర్ణ కూర పక్కన పెట్టింది.

“రెండు పెండ్లిళ్ళ బుకింగులు క్యాన్సిల్ అయినయంట. వాని పాట కింద అందరు ఏం రాస్తున్నరో తెలుసా? ‘తల్లి ఏడుపు దొంగ’ అని. ఎవరో బయటోళ్ళు కాదు, మన తండా పోరగాళ్ళే రాస్తున్నరు.” లాలి వైపు చూశాడు. “సంతోషమేనా అమ్మా?”

లాలి లేచి నిలబడింది. బావగారి ముందు కూర్చుని జవాబు చెప్పడం ఆమెకు చేతకాదు.

“నేను పుస్తకం గురించి చెప్పిన బావా.”

“పుస్తకం గురించా? పుష్పా, పెట్టు ఆ వీడియో. అందరం ఇందాం పుస్తకం గురించి.”

“వద్దు నాన్నా.”

“పెట్టమన్న గదా!”

పుష్ప చిన్నమ్మ మొహం చూసి, తండ్రి మొహం చూసి, వీడియో పెట్టింది.

ఫోనులో లాలి కనిపించింది. ఆకుపచ్చ చీర, చేతిలో అట్ట నలిగిన పుస్తకం, వెనక లైబ్రరీ బీరువా. ఆదివారం పాఠకుల సమావేశంలో, చదివిన నవల మీద ఎవరైనా నాలుగు మాటలు చెప్పమని లైబ్రేరియన్ వీరబాబు అడిగితే, పది మందిలో చెయ్యి ఎత్తింది తనే. ఎందుకు ఎత్తిందో ఇప్పటికీ తెలియదు. వారమంతా ఆ పుస్తకం గురించి చెప్పుకోవడానికి ఇంట్లో ఒక్క మనిషి దొరకలేదు. అంతే కావచ్చు. వీరబాబు దాన్ని వీడియో తీసి నెట్‌లో పెట్టాడు.

“అందరికి నమస్కారం. ఈ నవల పేరు ‘మూడో మైకు’. సస్పెన్స్ నవల. నాకు సస్పెన్స్ అంటే పానం. ఈ పుస్తకం పట్టుకున్న రోజు మా ఇంట్ల పప్పు మాడింది, మా అక్క ఇప్పటికి తిడుతనే ఉన్నది.”

వీడియోలో జనం నవ్వారు. ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

“ఈ కథల సాగర్ అని ఒక పాటగాడు. ఆర్కెస్ట్రాలల్ల పాడతడు. కిరాయి కట్టలేక, ఇంటాయనకు కనపడకుంట గోడ దుంకి పోతడు. ఆడ నేను మస్తు నవ్విన. నవ్వి మళ్ళ ఏడుపొచ్చింది. మా ఆయన గుర్తొచ్చిండు. ఆకలైన పాటగాడు ఎట్లుంటడో రాసినాయన మంచిగ రాసిండు. ఖాళీ హాలు ముంగట పాడేటప్పుడు వాని గొంతు ఎట్ల వణుకుతదో, అది చదివితే మనకు గూడ గొంతు పట్టుకుంటది. తర్వాత ఆ సాగర్ అడవిల ఒక ఊరికి పోతడు. ఆడొక ముసలామె పాడుతుంటది. ఆ రాగం పట్టుకొచ్చి పాట చేస్తడు, పెద్దోడైతడు. ఒకనాడు ఆ ముసలామె వాగు కాడ చచ్చిపడి ఉంటది. ఎవరు చంపిన్రు? గదీ కథ. చంపినోన్ని నేను సగంలనే పట్టుకున్న. చెప్ప. మీరు చదవాలె గదా.”

మళ్ళీ నవ్వులు.

“గానీ నాకొకటి నచ్చలే. ఈ పుస్తకంల ఇన్‌స్పెక్టరుకు పేరున్నది. సాగర్ ఇంటి ముంగటి కుక్కకు సుతం పేరున్నది, రాజా అని. ముసలామెకు లేదు. మొదటి నుంచి ఆఖరుదాక ‘ముసలమ్మ’ అనే రాసిండు. ఎవరు చంపిన్రు, ఎవరు చంపిన్రు అని పుస్తకమంత ఉరికిచ్చిండు. ఆ పాట ఎవరిది అని మాత్రం ఒక్కరు అడగరు. చంపినోడు దొరికినంక సాగర్ మళ్ళ స్టేజి ఎక్కి అదే పాట పాడతడు, జనం చప్పట్లు కొడతరు, పుస్తకం అయిపోతది. నాకు ఆ చప్పట్లు నచ్చలే.”

వీడియోలో లాలి ఆగింది. అక్కడ ఆపి ఉంటే సరిపోయేది. ఆపలేదు.

“ఇది నేనెందుకు చెప్తున్ననంటే, మా ఇంట్ల గూడ గిట్లనే అయింది. బిడ్డ సచ్చిపోతే మా అత్త ఏడ్చిన ఏడుపును మా ఆయన పాట చేసిండు. బరాత్‌లల్ల దానికి డ్యాన్సులు చేస్తరు. అది ఏడుపని ఎవ్వరికి తెల్వదు.”

పుష్ప ఫోను నొక్కేసింది.

“పుస్తకం గురించి!” అన్నాడు హీరాలాల్. “కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అనేటోళ్ళు పెద్దోళ్ళు. ఈ కాలంల ఆ బాధ గూడ లేదు. ఇంకో వీడియో పెడితే పాతది కిందికి పోతది. నువ్వు ఒక్క నిమిషం మాట్లాడు చాలు. ‘నేను చెప్పింది పుస్తకం మీద అభిప్రాయం, మా ఇంటికి దానికి సంబంధం లేదు, ఆ పాట మా అత్తమ్మ ఇష్టంతోనే చేసింది’ అను.”

“యాడి ఇష్టంతోనా?”

“అనడానికేమైతది?”

“అబద్ధమైతది బావా.”

“అబద్ధమే!” హీరాలాల్ గొంతు పెరిగింది. “నీ నిజంతోని నా తమ్ముడు వచ్చిండా ఇంటికి? రెండు తీజ్ పండుగలు పోయినయ్, వాని మొహం చూడక. ఆ వీడియో పెడితేనే పెండ్లికి వస్తనంటున్నడు. లేకుంటే నలుగుర్ల ఎట్ల నిలబడాలె అంటున్నడు. వాడు రావాల్నా వద్దా? అది చెప్పు నువ్వు. నీ మొగుడే గదా!”

బయట షేర్ ఆటోవాడు “బస్టాండ్, బస్టాండ్” అని అరుస్తూ పోయాడు.

రావాలి. అది లాలికి తెలియదా? ఈ ఇంట్లో అతను రావాలని తనకంటే ఎక్కువగా కోరుకునేది ఎవరు? మేడ మీది ఒంటిగదిలో, ఒకవైపు నలగని పరుపు పక్కన పడుకునేది ఎవరు?

“రాత్రి అన్నం తిన్నంక అందరం ఉన్నప్పుడే తీద్దాం,” అన్నాడు హీరాలాల్, కాస్త తగ్గి. “కోటేష్‌ను గూడ ఫోన్ల పెడ్త. వాడే చెప్తడు ఎట్ల మాట్లాడాల్నో.”

*

మేడ మెట్ల మీద ఉండగా కోటేష్ దగ్గర్నుంచి ఫోనొచ్చింది.

“తిన్నవా?”

“ఇంక లేదు. నువ్వు?”

“తింట.”

వెనక ఎవరో “హలో, చెక్, చెక్” అంటున్నారు. ఎక్కడో ఫంక్షన్ హాలు. పెళ్ళివాళ్ళు రాకముందు ఆ ఖాళీ హాళ్ళు ఎలా మోగుతాయో లాలికి తెలుసు. పెళ్ళైన కొత్తలో తీసుకెళ్ళేవాడు. రిథమ్ ప్యాడ్ మీద అతని వేళ్ళు ఆడుతుంటే, ఖాళీ కుర్చీల్లో తనొక్కతే కూర్చుని వినేది. ఆ పుస్తకంలో ఆ చోటు చదువుతున్నప్పుడు గొంతు పట్టుకున్నది అందుకే.

“నీ వీడియో చూసిన,” అన్నాడు. “మంచిగ మాట్లాడినవ్. గింత మాట్లాడతవని నాకు తెల్వది.”

“ఎప్పుడన్న అడిగితే గదా.”

కోటేష్ నవ్వబోయి ఊరుకున్నాడు. “ఆ సాగర్‌ను నేను కాదు లాలీ.”

“కాదని నాకు తెల్సు.”

“నీకు తెల్సు. మందికి తెల్వదు. నేను ఆ రోజు ఫోన్ల రికార్డింగ్ ఆన్ చేసింది పాట కోసం కాదు. చెల్లె చాంది పోయింది. రేపో మాపో యాడి గూడ పోతది. గొంతన్న ఉండాలె అనుకున్న. చానా రోజులు పెట్టుకొని ఇననే లేదు. ఒకనాడు పండుకోబోయే ముంగట పెట్టిన. వేళ్ళు ప్యాడ్ మీదికి వాటంతట అవే పోయినయ్. ఏం చెయ్యమంటవ్? నాకు ఏడుపు గూడ గట్లనే వస్తది.”

లాలి మెట్టు మీద కూర్చుంది. ఈ మాట అతను ఇంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు. తల్లికీ చెప్పలేదు. చెప్పే ధైర్యం వచ్చేలోపే ఆ పాట డీజే పెట్టెల్లోకి ఎక్కేసింది.

“యాడికి చెప్పు ఈ మాట.”

“చెప్తే ఇంటదా? కల్లూరు పెండ్లిల ఆ పాట మోగినప్పుడు ఆమె నా దిక్కు చూసిన చూపు నీకు తెల్వది. ఆ దినం నుంచే నేను ఇంటికి రాలే.” అటు ఎవరో పిలిచారు. “వస్తున్న ఆగన్నా!” అని మళ్ళీ ఇటు తిరిగాడు. “ఇంకోటి అననా? ఏమనుకోవద్దు. పుస్తకంల ముసలామెకు పేరు లేదని అంత గొప్పగ చెప్పినవ్. నువ్వు సుతం యాడి పేరు చెప్పలే. ‘మా అత్త’ అన్నవ్. రెండుసార్లు చూసిన నేను.”

లాలి ఫోను ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చుకుంది.

“పోనీ, దొంగనే అనుకో నన్ను,” అన్నాడు కోటేష్ మెల్లగా. “దొంగోడు ఇంటికి రావద్దా లాలీ? నాకు ఈ హోటల్ అన్నం తినబుద్ధి అయితలేదు. ఒక్క నిమిషం వీడియో. అంతే. పెండ్లికొస్త. వచ్చినంక యాడి కాళ్ళ మీద పడతనో, ఏం చేస్తనో, నేను చూసుకుంట.”

అంత మెత్తగా అడిగితే రాయి కూడా కరుగుతుంది. లాలి రాయి కాదు.

“సరే,” అంది. “చెప్త.”

“చెప్తవా? నిజంగనా?”

“చెప్తనన్న గదా. తిను పో ముందు.”

ఫోను పెట్టేశాక కూడా కాసేపు అలాగే కూర్చుంది. గుండె తేలికవ్వాలి కదా, అవలేదు. ‘నేను చెప్పింది పుస్తకం మీద అభిప్రాయం మాత్రమే’ అని పెదవులతో ఒకసారి అనుకుని చూసింది. కష్టమేమీ కాదు. జాకెట్టు కుట్టు విప్పినంత తేలిక. ‘మా అత్తమ్మ ఇష్టంతోనే’ అన్న దగ్గర నాలుక ఆగింది.

యాడికి ఒక మాట చెప్పి చేస్తే సరి అనుకుని కిందికి దిగింది.

*

అత్త గోరి పెరట్లో నల్లా పక్కన కూర్చుని, చాటలో బియ్యం పోసుకుని మెరికలు ఏరుతోంది. పెళ్ళి పనులకని హీరాలాల్ ఆమెను జూలూరుపాడు పక్కన తండా నుంచి తీసుకొచ్చాడు. పట్నంలో చీర కట్టుకోమని సువర్ణ ఎంత చెప్పినా ఆమె అద్దాల లంగా విడవలేదు. ఎండ వాలుతుంటే ఆ అద్దాల్లోంచి గోడ మీద చుక్కలు పడుతున్నాయి.

“యాడి, చాయ్.”

గోరి గ్లాసు అందుకుని పక్కన పెట్టుకుంది. “ఫోన్ల చూసిన నిన్ను. మధ్యాన్నం పుష్ప చూపెట్టింది.”

లాలి అక్కడే కూలబడింది. యాడికి ఆ సంగతి తెలియదనే ఇన్నాళ్ళూ అనుకుంటోంది.

“మంచిగనే మాట్లాడినవ్ బిడ్డా. చీర గూడ మంచిగున్నది.”

“యాడి, నేను నీ తరపున...”

“నా తరపునా?” గోరి ఒక మెరిక ఏరి నల్లా వైపు విసిరింది. “నేను పంపిన్నా నిన్ను?”

లాలి చాటలోకి చెయ్యి పెట్టి తనూ ఒక మెరిక ఏరింది.

తండాలో ఆడవాళ్ళు చాన్నాళ్ళకు కలుసుకున్నా, ఇంట్లో చావు జరిగినా, ముందు మాటలుండవు. ఇద్దరూ మెడలు చుట్టేసుకుంటారు. ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టి, రాగం తీసి ఏడుస్తారు. చెప్పుకోవాల్సినవన్నీ ఆ ఏడుపులోనే చెప్పుకుంటారు. పక్కన వందమంది ఉన్నా అది ఆ ఇద్దరి మధ్య మాటే. చెవిన పడ్డా విననట్టే ఉంటారు మిగతావాళ్ళు. తర్వాత కళ్ళు తుడుచుకుని, నీళ్ళు తాగి, మామూలు మాటల్లో పడతారు. ఏడుపులో ఏమన్నావని ఎవరూ ఎవరినీ అడగరు.

గోరి కూతురు చాంది తీజ్ పండుగ రోజుల్లోనే జ్వరంతో పోయింది. వాగు పొంగి ఆటో దాటలేదు. పెళ్ళికాని పిల్లలు గోధుమలు చల్లి మొలకెత్తించే బుట్టల్లో చాంది బుట్ట కూడా ఉంది. అప్పటికి మొలకలు వేలెడు పొడవయ్యాయి. పుట్టింటి నుంచి పరుగున వచ్చిన లాలి మెడ పట్టుకుని గోరి ఏడ్చింది. ‘నీ బుట్టకు నీళ్ళెవరు పోస్తరే బిడ్డా, నీ మొలకలు ఎవరు తెంపుతరే’ అని. తలుపు వెనక కోటేష్ ఉన్నాడని ఇద్దరికీ తెలియదు.

ఇప్పుడు పెళ్ళి ఊరేగింపుల్లో పిల్లలు అదే మాటకు చప్పట్లు కొట్టి ఎగురుతారు. ప్రేమపాట అనుకుంటారు.

“ఆ రోజు ఎవరి మెడ పట్టుకున్న నేను?” అంది గోరి.

“నా మెడ.”

“నీ మెడ మీద చెప్పుకున్న. మస్తు నమ్మకంతోని చెప్పుకున్న. వాడు మగోడు, వానికి తెల్వలే అనుకున్న. తలుపు వెనకాల నిలబడి ఎత్తుకపోయిండు. నీకు తెల్సు గదా బిడ్డా. తెల్సి తెల్సి నువ్వు గూడ మందిల చెప్పినవ్, నాకు బిడ్డ సచ్చిందని, నేను గిట్ల ఏడ్చిన్నని.” గోరి గొంతు పెరగలేదు. మెరికలు ఏరడమూ ఆగలేదు. “వాడు రాగం తీసుకపోయిండు. నువ్వు మాట తీసుకపోయినవ్. ఇద్దర్ల ఒక్కరన్న నన్ను అడిగిన్రా?”

“పాట నీదని చెబుదామనే యాడి. నీ పాటకు నీ పేరు...”

“ఎవరి పాట?” గోరి మొదటిసారి తలెత్తి చూసింది. “అది పాటేంది? నేను నా చాందితోని మాట్లాడుకున్న. నడుమ మీ ఇద్దరు మొగుడు పెండ్లాలు, ఎవరి పాట, ఎవరి పాట అని కొట్లాడుతున్నరు.”

నవల రాసినాయన ఎవరు చంపారని అడిగాడు. లాలి ఆయన్ను తప్పుపట్టి, పాట ఎవరిది అని అడిగింది. చప్పట్లు కొట్టించుకుంది. ఔను, సమావేశంలో చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చేదాకా ఆ చప్పట్లు చెవుల్లో మోగుతూనే ఉన్నాయి, కడుపు నిండినట్టు. సాగర్‌కు కొట్టిన చప్పట్లు నచ్చలేదన్న మనిషి, తనకు కొట్టినవి ఎవరి ఏడుపుకో ఆలోచించలేదు.

“పుష్ప అత్తగారింటికి పోయేటప్పుడు నీ మెడ మీద ఏడ్వాలె గదా యాడి,” అంది చివరికి, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

“పట్టుకుంట పిల్లను. వీపు నిమురుత. నోరు తెరవ. చుట్టు ఫోన్లుంటయ్.” గోరి చాట కిందపెట్టి చీకటి పడుతున్న గోడ వైపు చూసింది. “నన్ను తండాకు తోలమని హీరాకు చెప్పు. పెండ్లి దినం వస్త. ఈడ నాకు ఊపిరాడతలేదు.”

చాయ్ చల్లారిపోయింది. లాలి గ్లాసు తీసుకుని లేచింది. ఏ మాట చెప్పడానికి వచ్చిందో ఆ మాట చెప్పనేలేదు.

*

అన్నాలయ్యాయి. సువర్ణ హాల్లో లైటు కింద కుర్చీ వేసి, వెనక గోడకున్న క్యాలెండరు తీసేసింది. “వెనక ఏం కనపడొద్దు,” అంది. “ఆ ఆకుపచ్చ చీరనే కట్టుకోరాదు, అదే మనిషని తెలుస్తది.”

హీరాలాల్ తన ఫోనులో కోటేష్‌ను స్పీకర్‌లో పెట్టి బల్ల మీద ఉంచాడు. పుష్ప తన ఫోను పట్టుకుని వీడియోకు సిద్ధంగా నిలబడింది. గోరి గుమ్మం దగ్గర, గోడకు ఆనుకుని కూర్చుంది. ఈ తతంగమంతా ఎందుకో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

“లాలీ, భయపడకు,” అన్నాడు కోటేష్ ఫోనులోంచి. “నువ్వు మామూలుగ మాట్లాడు, చాలు.”

ఆ గొంతు వినగానే లాలికి కుర్చీలో కూర్చోవాలనిపించింది. కూర్చుని, ఆ నిమిషం గడిపేసి, పెళ్ళినాటికి అతని చెప్పులు గుమ్మంలో చూసుకోవాలనిపించింది. కుర్చీ దాకా వెళ్ళింది. దాని వీపు మీద చెయ్యి వేసి నిలబడింది.

“పుష్పా, ఫోన్ దింపు బిడ్డా.”

“ఏంది మళ్ళ?” హీరాలాల్ కనుబొమలు ముడిపడ్డాయి.

లాలి అతని వైపు చూడలేదు. గుమ్మం వైపు తిరిగింది.

“యాడి, నిన్నొకటి అడగాలె. నేను లైబ్రరీల చెప్పిన వీడియో తీసేయమని వీరబాబు సారుకు చెప్పన్నా?”

హాల్లో ఉన్నవాళ్ళంతా గోరి వైపు తిరిగారు. ఆమెను ఎవరైనా ఏదైనా అడిగి ఎంత కాలమైందో.

“తీసేస్తే పోతదా?” అంది గోరి.

“పోదు. ఇంక కొత్తోళ్ళు చూడరు.”

గోరి ఆలోచించింది. “తీసేయమను.”

“ఆ, అదే మేము చెప్పేది గూడ!” సువర్ణ ముఖం విప్పారింది. “అది తీసేసి, కొత్తది పెడితే...”

“కొత్తది చెయ్య అక్కా,” అంది లాలి.

“లాలీ!” అన్నాడు కోటేష్.

“నువ్వూ ఇను. నీకు చెప్తనన్న, అవ్. మాట తప్పుతున్న.” లాలి బల్ల మీది ఫోను వైపు తిరిగింది. “యాడి ఇష్టంతోని అని నేను చెప్పలేను. నీకు బుకింగులు పోయినయ్, నా నోరే పోగొట్టింది. దానికి నన్నేమన్నా అను, పడ్త. గానీ ఒకసారి అడగకుంట ఆమె ఏడుపును బయటేసిన. మళ్ళ అడగకుంట ఆమె పేరు మీద అబద్ధం గూడ చెప్పమంటరా?”

“అంటే వాడు పెండ్లికి రావద్దనేనా?” హీరాలాల్ ఈసారి తెలుగులో కాదు, లంబాడీలోనే అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. అదే ఎక్కువ బాధపెట్టింది.

“రమ్మనే అంటున్న బావా. రోజూ అంటున్న, ఎవరికి ఇనపడకుంట.” కుర్చీ వీపు మీద ఆమె వేళ్ళు బిగుసుకున్నాయి. “రేపు పొద్దుగాల యాడి తండాకు పోతనంటున్నది. యాడి, నీ ఎంట నేను రావచ్చునా? పుస్తకాలూ మైకులూ ఏం లేకుంట. ఊకె.”

“ఆడోళ్ళకు బస్సు ఫ్రీ అయినకాన్నుంచి ఈ ఇంట్ల అందరికి ప్రయాణాలే,” అని సువర్ణ గొణిగింది గానీ, ఆ ఎత్తిపొడుపులో పస లేదు. “పెండ్లి జాకెట్లెవరు కుడతరు మరి?”

“మిషన్ ఆటోల ఏసుకపోత అక్కా. ఆడ కుట్టి పంపిస్త.”

మిషన్ తీసుకుపోతానన్న మాటతో అందరికీ అర్థమైంది. నాలుగు రోజులకని వెళ్ళేవాళ్ళు మిషన్ మోసుకుపోరు.

పుష్ప అడిగింది, చిన్నపిల్లలా. “మరి ఎప్పుడొస్తవ్ చిన్నమ్మా?”

లాలి గోరి వైపే చూస్తోంది.

“తండాల వానొస్తే కరెంటుండదు,” అంది గోరి. “నీకు సుస్తయితది.”

అది రమ్మనడమో, వద్దనడమో ఎవరికీ తెలియలేదు. లాలి రమ్మన్నట్టే తీసుకుంది.

బల్ల దగ్గరికి వెళ్ళి ఫోను ముందు వంగింది. ఇంట్లో అందరికీ వినిపించేలా, కానీ ఒక్కడికే చెప్పినట్టు మెల్లగా చెప్పింది.

“రేపటి నుంచి నేను తండాల ఉంట. నువ్వు ఇంటికి రావాల్ననుకుంటే ఆడికి రా. పెండ్లి కోసం కాదు, నా కోసం గూడ కాదు. వచ్చి, ఇందాక ఫోన్ల నాకు చెప్పిన మాట యాడికి చెప్పు. ఆమె ఇంటదో ఇనదో నాకు తెల్వది. అప్పటిదాక ఈడ మేడ మీది గది ఖాళీగనే ఉంటది.”

ఫోనులో వెనకాల ఎవరో ప్యాడ్ మీద రెండు దెబ్బలు కొట్టి ఆపేశారు. కోటేష్ ఫోను పెట్టేయలేదు. అతని ఊపిరి మాత్రం హాలంతా వినిపిస్తోంది.